తీగల కింద ఎముక

నల్లగొండ,
12 జూన్ 2022.

ఖుద్దూస్ అన్నకు,

సుచరిత సలాములు. నీకు ఫోన్ చేసి లాభం లేదు, వినబడదు. సెల్‌లో తెలుగు కొట్టే ఓపిక నీకూ లేదు, నాకూ లేదు. అందుకే గిటారు పెట్టెలోనే ఈ ఉత్తరం పెట్టి బస్సు కార్గోలో పంపుతున్నాను.

నట్టు పూర్తిగా అరిగిపోయింది. మూడేళ్ల కింద జిగురులో వంటసోడా కలిపి నువ్వు నింపిన గాడి కూడా మళ్లీ లోతైపోయింది. వేలు పెట్టకుండా తీగ మీటితే సీసాలో ఈగ కొట్టుకున్నట్టు మోగుతోంది. శ్రుతి చేసుకుని ఎక్కితే రెండో పాటకే దిగిపోతోంది. కార్గో కౌంటర్‌లో కూర్చున్నతను లోపల ఏముందని అడిగాడు. గిటారు, నట్టు అరిగిందని చెప్పాను. "నట్టే గదమ్మ, హార్డ్‌వేర్ షాపుల దొర్కుతది. గంత దూరం ఎందుకు పంపుతున్నవ్?" అన్నాడు. బోల్టుకు బిగించే నట్టు కాదని, తీగలు గిటారు తల నుంచి మెడ మీదికి దిగేచోట వాటిని మోసే చిన్న పట్టీ అని చెప్పాను. ఆ ఆరు గాళ్లలోనే ఆరు తీగలూ కూర్చుంటాయని చెప్పాను. చీటీ మీద "సామాను" అని రాసుకున్నాడు.

మే నెలంతా పెళ్లిళ్లే. మన ఆర్కెస్ట్రా ఇప్పుడు శివకుమార్ చూసుకుంటున్నాడు. వాళ్ల నాయిన ఉన్నప్పుడు నువ్వు సౌండ్ మిక్సర్ దగ్గర, నేను వెనక వరుసలో, భోజనానికి ఒక గంట విరామం ఉండేది. ఇప్పుడు అదీ లేదు. పాట మీద పాట. నాకు నలభై ఆరు నిండాయి అన్నా. ఇంటికి వచ్చి పెట్టె కింద పెట్టిన తర్వాత కాసేపు చెప్పులు విప్పాలని కూడా అనిపించదు.

శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు చేసి పంపు. తాహేరా వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లె,
సుచరిత

———

మహబూబ్‌నగర్,
27 జూన్ 2022.

చెల్లె సుచరితకు,

దువా. గిటారు భద్రంగా అందింది. పాత నట్టు ప్లాస్టిక్‌ది. పక్క నుంచి చెక్క ముక్క ఆనించి రెండు దెబ్బలు కొడితే ఊడి వచ్చింది. చివరి రెండు గాళ్లు ఎంత దిగాయంటే తీగ మెడ మీది మొదటి లోహపు మెట్టును ముద్దుపెట్టుకుంటోంది. పందొమ్మిదేళ్లు మోసింది, దాన్ని అనడానికి ఏమీ లేదు.

ఈసారి ఎముకతో చేశాను. కసాయి దగ్గర తెచ్చిన బర్రె ఎముకను ఉడకబెట్టి, ఏడాది ఎండబెట్టిన ముక్కలు నా దగ్గర ఉన్నాయి. "వంటింట్ల బొక్కలు ఉడకబెట్టుడు ఇగ బంద్ చెయ్" అని తాహేరా పోట్లాడింది గానీ, పని మొదలుపెట్టాక వచ్చి స్టూలు మీద కూర్చుంది. నా పని ఇప్పుడు ఇలాగే నడుస్తోంది. నేను ఆకురాయితో రాస్తాను, తీగ బిగిస్తాను, మీటుతాను. ఆమె వింటుంది. మోత ఉంటే మొహం చిట్లిస్తుంది. మంచిగుంటే లేచి పొయ్యి దగ్గరికి పోతుంది. నిన్న ఆరో తీగ తర్వాత పొయ్యి దగ్గరికి పోయింది, కాబట్టి అయిపోయిందని అనుకున్నాను.

తీగలు కూడా కొత్తవి వేశాను. గాళ్లు ఒక రవ్వ ఎత్తుగానే వదిలాను. బిగువుగా ఉంటే మళ్లీ పంపు. ఎక్కువ రాస్తే ఎముక తిరిగి పెరగదు, తక్కువ రాస్తే ఎప్పుడైనా రాయొచ్చు.

రిపేరు షాపు బాగానే ఉంది అనుకో. హార్మోనియంలు తగ్గాయి. పిల్లలు ఎలక్ట్రానిక్ ప్యాడ్‌లు తెస్తారు, వాటిలో నేను బాగుచేయగలిగింది వైరు ఒక్కటే. పొద్దున తాళం తీయడానికి కిందికి వంగాలంటే బద్ధకంగా ఉంటోంది.

ఖుద్దూస్

———

నల్లగొండ,
17 జూలై 2022.

ఖుద్దూస్ అన్నకు,

మోత పోయింది. శ్రుతి నిలబడుతోంది. ఎముక గొంతు వేరే, గంట కొట్టినట్టుంది. వదినకు నా నమస్కారాలు చెప్పు.

అయితే బిగువుగా ఉంది. మొదటి మెట్టు మీద చూపుడు వేలు అడ్డంగా పెట్టి ఆరు తీగలూ ఒకేసారి నొక్కాలి కదా, అక్కడ సగం తీగలు మూగబోతున్నాయి. రెండో మెట్టు దగ్గర కూడా కష్టంగానే ఉంది. నువ్వు చెప్పినట్టే ఎత్తుగా ఉన్నట్టుంది. గాళ్లు కొంచెం రాసి పంపు. ఆషాఢం కాబట్టి తొందర లేదు.

ఇక్కడ వానలు పట్టాయి. మా ఆయన మల్లేష్ స్కూలు బస్సు నడపడానికి పొద్దున్నే వెళ్లిపోతాడు. నేను కిటికీ దగ్గర కూర్చుని ప్రాక్టీసు చేద్దామనుకుంటాను. పని ఏదో ఒకటి తగులుతుంది.

సుచరిత

———

మహబూబ్‌నగర్,
1 ఆగస్టు 2022.

చెల్లె,

రాశాను. మూడో మెట్టు దగ్గర తీగను నొక్కి పట్టుకుంటే మొదటి మెట్టుకూ తీగకూ మధ్య పలచటి కాగితం పట్టేంత సందు ఉండాలి. అంతే ఉంచాను. ఇంతకంటే దించితే మళ్లీ ఈగ వస్తుంది.

ఈసారి తాహేరాతోనే నొక్కించాను. ఆమెకు గిటారు పట్టుకోవడం కూడా రాదు. అయినా అడ్డంగా వేలు పెట్టి నొక్కితే ఆరూ పలికాయని చెప్పింది. "సులువుగనే ఉంది గద" అంది. నీకు ఇప్పుడు ఇబ్బంది ఉండదు.

శ్రావణం పెళ్లిళ్లలో బాగా వాయించు.

ఖుద్దూస్

———

నల్లగొండ,
28 ఆగస్టు 2022.

ఖుద్దూస్ అన్నకు,

ఏమీ మారలేదు. ఇరవై ఒకటో తారీకు పెళ్లిలో రెండు పాటల్లో వరసగా తప్పాను. తప్పడం అంటే తీగలు పలకలేదు, చప్పుడు మాత్రమే వచ్చింది. శివకుమార్ అందరి ముందు ఏమీ అనలేదు. సామాను సర్దుతుండగా వచ్చి, "అక్కా, కీబోర్డుల గిటార్ సౌండ్ గూడ ఉన్నది. నువ్వు జర రెస్టు తీస్కో" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. పందొమ్మిదేళ్ల నుంచి ఆ మర్యాద ఎవరితో మాట్లాడేటప్పుడు వాడతారో నాకు తెలుసు.

ఎన్నిసార్లు పంపాలి అన్నా? నీకు వినబడదు కాబట్టి తేడా తెలియడం లేదేమో. పాట రాని తాహేరా వదిన విని చెప్పేది పట్టుకుని నువ్వు పని చేస్తే, ఇక్కడ స్టేజీ మీద నిలబడేది నేను. ఎముక వద్దు అనుకుంటే వేరేది వెయ్యి. ఏదో ఒకటి చెయ్యి.

పెట్టె మళ్లీ పంపుతున్నాను. దసరా ప్రోగ్రాములు ఉన్నాయి.

సుచరిత

———

మహబూబ్‌నగర్,
14 సెప్టెంబరు 2022.

చెల్లె,

ఆరు గాళ్లూ ఇంకొంత లోతు చేశాను. ఇక ఇంతకంటే దిగదు. వాయించి ఎలా ఉందో రాయి.

ఖుద్దూస్

———

నల్లగొండ,
8 అక్టోబరు 2022.

ఖుద్దూస్ అన్నకు,

నీ చేతికి దండం పెట్టాలి. ఇప్పుడు వెన్నలా ఉంది. వేలు ఆనిస్తే చాలు పలుకుతోంది. ఇది మొదటే చేసి ఉంటే నీకూ నాకూ ఇన్ని కార్గో చీటీలు తప్పేవి.

కట్టంగూర్‌లో దుర్గమ్మ మండపం దగ్గర ప్రోగ్రాం బాగా జరిగింది. హైవే పక్కనే కావడంతో లారీల వాళ్లు కూడా ఆపి విన్నారు. శివకుమార్ సంతోషించాడు. ఒక పాటలో నన్ను ముందుకు రమ్మని పిలిచాడు కూడా.

కిందటిసారి ఉత్తరంలో ఏదో చిరాకులో రాశాను, మనసులో పెట్టుకోకు. వదినకు బతుకమ్మ సద్దులు పంపాలనుకున్నాను, పాడైపోతాయని మానేశాను.

ఇక గిటారు పంపే పని లేదు.

నీ చెల్లె,
సుచరిత

———

మహబూబ్‌నగర్,
19 అక్టోబరు 2022.

చెల్లె సుచరితకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపాను. నా చేత కాదు తిప్పి తిప్పి రాయడం. కిందటిసారి నేను నీ గిటారుకు ఆకురాయి ముట్టించలేదు.

పెట్టె తెరిచాను. తీగలు చూశాను. జూన్‌లో వేసిన తీగలు అవి. మనిషి వాయిస్తే చెమటకు నల్లబడతాయి, కింది వైపు మెట్టు ఒత్తిన చోట చిన్న నొక్కులు పడతాయి. ఎవరి గిటారు తెచ్చినా నేను ముందు చూసేది అదే. చెవి పోయాక నాకు మిగిలినవి కళ్లే. నీ తీగలు మొదటి నాలుగు మెట్ల దగ్గర కొత్తవిలా మెరుస్తున్నాయి. మూడు నెలల్లో నువ్వు అక్కడ గట్టిగా నొక్కింది పదిసార్లు కూడా లేదు.

తాహేరాను పిలిచి మళ్లీ నొక్కమన్నాను. నొక్కింది. తర్వాత నా వైపు తిరిగి, తన నోరు చూసి నేను అర్థం చేసుకునేట్టు మెల్లగా చెప్పింది: "నేను ఒత్తితే పలుకుతాంది. పందొమ్మిదేండ్ల సంది వాయించేటామెకు ఎందుకు పలుకుతలేదు? తప్పు గిటారుల లేదు. ఆమె చేతికి ఏమో అయింది. జర అడుగు."

నేను అడగలేదు. ధైర్యం చాలలేదు. ఒక దొడ్డు గుడ్డతో దుమ్ము తుడిచి, గాళ్లు లోతు చేశానని అబద్ధం రాసి పంపించాను. ఇంకా బిగువుగానే ఉందని నువ్వు రాస్తే, అప్పుడు నెమ్మదిగా అడుగుదామనుకున్నాను. నువ్వు వెన్నలా ఉందని రాశావు.

ఆ వాక్యం చదివి నేను ఆ రోజు షాపు తీయలేదు.

నీ ఆగస్టు ఉత్తరం తాహేరాకు చదివి వినిపించలేదు. ఇది మాత్రం ఆమె పక్కన కూర్చుని ఉండగా రాస్తున్నాను. ఏమైంది చెల్లె?

ఖుద్దూస్

———

నల్లగొండ,
20 నవంబరు 2022.

అన్నా,

నెల రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నాకు పరీక్ష పెట్టావని. తర్వాత కోపంగా ఉండడానికి కూడా ఓపిక లేకపోయింది.

కట్టంగూర్‌కు నేను పోలేదు. చీర కట్టుకుని, పెట్టె భుజానికి వేసుకుని బస్టాండు దాకా వెళ్లాను. అక్కడ బెంచీ మీద కూర్చుని మూడు బస్సులు వదిలేసి ఇంటికి వచ్చాను. జ్వరమని శివకుమార్‌కు చెప్పాను. అతను ఎందుకని కూడా అడగలేదు.

ఉగాది నుంచి ఎడమ చేయి నాది కానట్టుగా ఉంది. చిటికెన వేలు, దాని పక్క వేలు మొద్దుబారాయి. చూపుడు వేలికి పట్టు లేదు. జాకెట్ హుక్కు పెట్టుకోవడానికి పది నిమిషాలు పడుతుంది. గిటారు కూడా అప్పుడే చెడింది. నిజంగానే చెడింది, నట్టు అరిగిన మాట అబద్ధం కాదు. అది అరగడం నాకు ఎంత సంతోషమైందో చెప్తే నవ్వుతావు. హమ్మయ్య, తప్పు దీనిదే అనుకున్నాను. నువ్వు ఎముక వేసి పంపాక ఆ సాకు పోయింది. అందుకే ఎత్తు ఉందన్నాను. నువ్వు దించిన ప్రతిసారీ నాకు ఇంకో సాకు తగ్గింది.

దవాఖానకు జూలైలోనే పోయాను. డాక్టర్ మెడ ఫోటో తీయించాడు. చాలాసేపు వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూశాడు. "అమ్మా, చిన్నప్పుడు ఏ ఊరి నీళ్లు తాగినవ్?" అని అడిగాడు. మర్రిగూడ అన్నాను. ఇక ఏమీ అడగలేదు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌కు మెడ ఎముకలు దట్టమై, లోపల ఇంకొంత ఎముక పెరిగి చేతికి వచ్చే నరాన్ని ఒత్తుతోందట.

మా అమ్మ నర్సింగమ్మను నువ్వు చూడలేదు. చివరి పదేళ్లు ఆమె ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగేది. మేమందరం అదే చేదబావి నీళ్లు తాగాం. నా పళ్ల మీద గోధుమరంగు చారలు చూసే ఉంటావు. నేను వెనక వరుసలో వాయిస్తానని ఎందుకు ఒప్పుకున్నాననుకున్నావు? నోరు మూసుకుని నవ్వడం పదేళ్ల వయసులోనే నేర్చుకున్నాను. ఇరవై రెండేళ్లకు పెళ్లయి నల్లగొండ వచ్చాను. పళ్లతో పోయింది, ఇక నాకు ఏమీ కాదనుకున్నాను. ఇన్నేళ్లు లోపల అది దాని పని అది చేసుకుంటోంది.

మొన్న మర్రిగూడ పోయాను. ఇప్పుడు అక్కడ నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి. మా చెల్లె పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. ఇద్దరూ పెద్దగా నోరు తెరిచి నవ్వుతున్నారు. సంతోషమైంది. కొంచెం అసూయ కూడా అయింది, దాచడం దేనికి?

మల్లేష్‌కు కూడా చెప్పలేదు. కానీ ఈ మధ్య నేను అడక్కుండానే బిందె దించుతున్నాడు. పచ్చడి జాడీ మూత వదులు చేసి పెడుతున్నాడు. తెలిసి ఉంటుంది.

నీ చెవుల గురించి, వదిన గురించి రాసిన మాటకు నా చేయి విరగ్గొట్టుకోవాలి అనేదాన్ని ఒకప్పుడు. ఇప్పుడు అది కూడా అనలేను. ఆ ఉత్తరం ఉంటే చింపెయ్యి.

సుచరిత

———

మహబూబ్‌నగర్,
11 డిసెంబరు 2022.

చెల్లె సుచరితకు,

తాహేరా నీ ఉత్తరం చదివించుకుంది. తర్వాత "నిన్ను నువ్వు తిట్టుకోకు అని రాయి" అంది. రాశాను.

నా సంగతి ఒకటి నీకు తెలియదు. నాకు వినబడడం తగ్గినప్పుడు రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. మిక్సర్ బాగాలేదన్నాను. వైర్లు అన్నాను. తర్వాత తప్పు మైకుల మీద పెట్టాను. శివకుమార్ వాళ్ల నాయిన నా మాట నమ్మి మూడు కొత్త మైకులు కొన్నాడు. ఆయనకు తెలుసని ఇప్పుడు అనిపిస్తుంది. నేనే చెప్పే దాకా ఆగుదామనుకున్నాడేమో. నేను చెప్పకుండానే ఊరు మారాను. అది తప్పు. చెప్పి ఉంటే ఏదో ఒక పనికి అక్కడే ఉంచుకునేవాడు. ఇంత దూరంలో ఒక్కణ్నే కూర్చుని ఆలోచిస్తే అలా తోస్తుంది.

నీకు ధైర్యం చెప్పడం నాకు రాదు. చేతనైన పని ఒకటి చేశాను. ఈ పార్సిల్‌లో ఇనుప పట్టీ ఒకటి ఉంది. నీ ఎముక నట్టు మీద టోపీలా కూర్చుంటుంది. తీగలు వదులు చేసి పెట్టు, మళ్లీ బిగించు. తీగలు మెట్ల నుంచి అర అంగుళం పైకి లేస్తాయి. అప్పుడు వేలితో నొక్కడం ఎవరి వల్లా కాదు. నొక్కనక్కర్లేదు కూడా. గిటారును వీణలా ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకో. ఇంకో ముక్క ఉంది చూడు, బండి షాకబ్జర్ రాడ్డు కోసి నున్నగా చేశాను. దాన్ని ఎడమ చేత్తో తీగల మీద ఆనించి జరుపు. చేయి బరువే చాలు. చిన్నప్పుడు రేడియోలో హవాయిన్ గిటారు వినేవాళ్లం కదా, ఇది అదే పద్ధతి. శ్రుతి ఎలా కట్టుకోవాలో వెనక రాశాను.

ఇన్నాళ్లూ కిందికి దించమన్నావు. పైకి లేపాల్సిందని నాకూ ఆలస్యంగా తట్టింది. వద్దనుకుంటే తీసెయ్యి, కింద నీ నట్టు అలాగే ఉంటుంది. ఇది పంపినందుకు కోపం వస్తే అది కూడా రాయి.

ఖుద్దూస్

———

నల్లగొండ,
19 ఫిబ్రవరి 2023.

అన్నా,

కోపం వచ్చింది. పార్సిల్‌ను నెల రోజులు బియ్యం డబ్బా మీద పెట్టి విప్పలేదు. ముందు మెడకు పట్టీ వేసుకోవడం, ఆ వ్యాయామాలు, మాత్రలు. ఆపరేషన్ గురించి డాక్టర్‌ను అడిగితే, "చేతికి మళ్లీ పట్టు వస్తదని నేను మాటియ్యలేనమ్మ. ఇంకో ఆరు నెలలు చూద్దాం" అన్నాడు. మల్లేష్ పక్కనే ఉన్నాడు. ఇంటికి వచ్చే దారిలో స్కూటర్ ఆపి, "నాకు చెప్తే ఏమైతుండె?" అన్నాడు. 

పార్సిల్ విప్పింది అతనే. నువ్వు రాసింది చదివి, తీగలు వదులు చేసి, ఆ ఇనుప పట్టీ పెట్టి బిగించాడు. రెండు తీగలు తెంచాడు. నేను దూరం నుంచి చూస్తూ ఉండలేక, పోయి పక్కన కూర్చున్నాను.

మొదటి వారం పిల్లి ఏడ్చినట్టే ఉంది. స్వరం ఎక్కడ ఆగుతుందో తెలియదు, జారిపోతుంది. పదిహేను నిమిషాలకు భుజం బరువెక్కుతుంది. అప్పుడు పక్కన పెట్టేస్తాను. ఇంతకుముందు పక్కన పెట్టేటప్పుడు ఏడుపు వచ్చేది. ఇప్పుడు భుజం నొప్పి మాత్రమే.

శివకుమార్ దగ్గరికి నేనే వెళ్లి మొత్తం చెప్పాను. చేతి సంగతి, మెడ సంగతి, జ్వరమని ఆడిన అబద్ధం సంగతి. అతను సెల్‌ఫోన్ తిప్పుతూ విన్నాడు. "మొదలే చెప్పొద్దా అక్కా. నువ్వు వేరే ఆర్కెస్ట్రాల చేరినవని అనుకుంటున్న" అన్నాడు. అంటే అతనూ కొన్ని నెలలు నా మీద కోపంగా ఉన్నాడన్నమాట. "నిలబడి వాయించలేను, కుర్చీ కావాలి. పాటలన్నీ కూడా వాయించలేను, మెల్లటివి రెండు మూడు" అన్నాను. సరే అనలేదు. చూద్దాం అన్నాడు.

పోయిన గురువారం పిలిచాడు. నారాయణపేట నుంచి వచ్చిన పెళ్లివారు, భోజనాల హాలు పక్కనే స్టేజీ. నన్ను కీబోర్డు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. ఒళ్లో గిటారు పడుకోబెట్టుకుంటే చూసినవాళ్లు ఇది ఏం బాజా అనుకుని ఉంటారు. ఎవరూ అడగలేదు. పెళ్లి భోజనంలో ఆర్కెస్ట్రాను ఎవరు చూస్తారు? మొదటి పాటలో రెండు చోట్ల జారిపోయాను. రెండో పాట మధ్యలో అందరూ ఆపి నాకు ఒక్కదానికే వదిలారు. శివకుమార్ ముందుగా చెప్పలేదు, వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడంతే. ఏం వాయించానో సరిగ్గా గుర్తులేదు. రాడ్డు నెమ్మదిగా జరిపాను, జరిపిన చోటల్లా స్వరం నా వెంట వచ్చింది.

వడ్డించే ఆమె ఒకామె అన్నం బేసిన్ నడుముకు ఆనించుకుని వరస మధ్యలో నిలబడిపోయింది. ఎవరో అన్నం అన్నం అని పిలుస్తున్నారు. పాట అయ్యాక కూడా రెండు క్షణాలు అలాగే ఉంది. తర్వాత చేతులు కడుక్కునే దగ్గర నన్ను చూసి, "గిది ఏడ్సినట్టున్నదమ్మ, గని మంచిగున్నది. నేను ఊకె నిలవడ్డ, మా మేస్త్రి తిట్టిండు" అంది. నాకు నవ్వు వచ్చింది. పెద్దగానే నవ్వాను.

ఇంటికి వచ్చి పడుకుంటే మరునాడు పది గంటల దాకా లేవలేదు. చేయి ఎలా ఉందో అలాగే ఉంది. వదినకు చెప్పు, ఆమె మాట మొదటే విని ఉంటే బాగుండేది.

శివకుమార్ ఇందాక ఫోన్ చేశాడు. వచ్చే నెల మిర్యాలగూడలో పెళ్లి ఉందట, రెండు పాటలకు. వస్తానని చెప్పాను.

సుచరిత